పటమును పట్టికయు
క్షేత్రగణిత సంభావ్యతా సమస్యలను సాధించు క్రమము

ఉన్నత తరగతుల విద్యార్థులలో ననేకులు గణితపరీక్షయందు తప్పుటకు సూత్రములు తెలియకపోవుట కారణము కాదు. సూత్రము కంఠస్థమై యుండగనే తప్పుచున్నారు. ప్రశ్నపత్రము చేతికందిన తక్షణమే కలము పట్టి, కనబడిన రెండు సంఖ్యలను గుణించియో భాగించియో, వచ్చినదానిని దిగువను వ్రాసి, దానిక్రింద రెండు గీతలు గీచి సంతృప్తులగుదురు. ఆ సంఖ్య దేనిని తెలుపుచున్నదని యడిగిన ప్రత్యుత్తరము రాదు. వీరు సమస్యలో నొక భాగమును చూచిరి గాని సమస్తమును చూడలేదు. భాగమును లెక్కించుటకు ముందు సమస్తమును కన్నులయెదుట నిలుపుకొనుట గణితమునకు మొదటిమెట్టు.

క్షేత్రగణితమున సమస్తమును చూపునది పటము. సంభావ్యతాగణితమున సమస్తమును చూపునది పట్టిక. పైకి ఈ రెండు శాఖలకును పోలిక లేనట్లు కనబడును. ఒకదానియందు రేఖలు, కోణములు. రెండవదానియందు నాణెములు, పాచికలు. అయినను రెండింటిని సాధించు క్రమ మొక్కటే. ఆ క్రమమును కొన్ని ఉదాహరణములతో వివరించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. విద్యార్థులు కాగితమును, పెన్సిలును దగ్గఱ నుంచుకొని చదువవలెనని కోరుచున్నాను.

సాధనక్రమము

మొదట ప్రశ్నను రెండు మాఱులు చదివి, తెలిసిన వేవి, తెలియవలసిన దేది యని వేఱువేఱుగ వ్రాయవలెను. రెండవది, పటమునైనను పట్టికనైనను సంపూర్ణముగ వ్రాయవలెను. మూడవది, తెలిసినదానికిని తెలియనిదానికిని గల సంబంధమును తెలుగున నొక వాక్యముగ చెప్పుకొని, పిదప దానిని సమీకరణముగ మార్చవలెను. నాలుగవది, వచ్చిన ఫలమును మరల ప్రశ్నలో నిలిపి సరిచూడవలెను. ఈ నాలుగింటిలో రెండవదియు నాలుగవదియు విద్యార్థులు తఱచుగ విడిచిపెట్టునవి. మార్కులు పోవుటయు నచ్చటనే.

విఱిగిన వెదురు

భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతియం దొక ప్రసిద్ధమైన సమస్య కలదు. దాని భావ మిది: 32 మూరల యెత్తుగల వెదురు గాలికి ఒకచోట విఱిగెను. విఱిగిన భాగము మొదటి భాగమునుండి వేఱుపడక వంగి, దాని కొన మొదలునకు 16 మూరల దూరమున నేలను తాకెను. నేలనుండి ఎంత యెత్తున విఱిగినది?

తొందరపడు విద్యార్థి 32ను 16చే భాగించి 2 అనును. లేదా 32నుండి 16 తీసివేసి 16 అనును. పటమును గీయుడు. వెదురు మొదలు క. విఱిగిన చోటు ఖ. కొన నేలను తాకిన చోటు గ. నిలిచియున్న భాగము కఖ, నేలపై దూరము కగ, వంగిన భాగము ఖగ. వెదురు నేలకు నిటారుగ నున్నది కనుక క యొద్ద లంబకోణము ఏర్పడినది. పటము గీచినతోడనే ఇది లంబకోణ త్రిభుజమని తెలియుచున్నది. ప్రశ్నలో త్రిభుజమను మాటయే లేదు. దానిని చూపినది పటము.

ఇప్పుడు సంబంధమును మాటలలో చెప్పుదము. నిలిచిన భాగమును వంగిన భాగమును కలిసి 32 మూరలు. నిలిచిన భాగమును య అనుకొన్న, వంగిన భాగము 32 − య. లంబకోణ త్రిభుజమున కర్ణముయొక్క వర్గము మిగిలిన రెండు భుజముల వర్గముల మొత్తమునకు సమానము. కావున,

య × య + 16 × 16 = (32 − య) × (32 − య)
య × య + 256 = 1024 − 64 × య + య × య

రెండు వైపులనుగల య వర్గము పోగా, 64 × య = 768. అనగా య = 12. వెదురు 12 మూరల యెత్తున విఱిగినది.

సరిచూడుడు. నిలిచినది 12, వంగినది 20, మొత్తము 32. మఱియు 12 యొక్క వర్గము 144, 16 యొక్క వర్గము 256, మొత్తము 400. అది 20 యొక్క వర్గము. ఫలము నిజమని ఇక నెవ్వరును మనకు చెప్పనక్కఱలేదు. తన ఫలమును తానే పరీక్షించుకొనగలిగిన విద్యార్థి ఉపాధ్యాయుని ఎఱ్ఱసిరాకు భయపడడు.

నాలుగు ప్రక్కల పొలము

రెండవ ఉదాహరణము మన తలిదండ్రులకు సంబంధించినది. నాలుగు ప్రక్కలుగల పొలమును కొలుచునపుడు, ఎదురెదురు ప్రక్కలను కూడి సగము చేసి, ఆ రెండు సగములను గుణించి వైశాల్యము చెప్పు వాడుక కలదు. ఈ పద్ధతి బహు పురాతనమైనది. 628లో బ్రహ్మస్ఫుటసిద్ధాంతమును రచించిన బ్రహ్మగుప్తుడు దీనిని తెలిపి, ఇది స్థూలఫలమే యని స్పష్టముగ చెప్పెను. ఈ స్థూలత యెంతవఱకు పోవునో చూడుడు.

ఒక పొలమునకు నాలుగు ప్రక్కలును ఒక్కొక్కటి 65 గజములు. వాడుకపద్ధతిని వైశాల్యము 65 × 65 = 4225 చదరపు గజములు. ఎకరమునకు 4840 చదరపు గజములు, సెంటునకు 48.4 చదరపు గజములు గనుక, ఇది సుమారు 87 సెంట్లు. కొనువాడు ఆ లెక్కకు సొమ్ము చెల్లించెను. కాని పొలము మూలమట్టముగ లేదు, ఒక ప్రక్కకు ఒరిగియున్నది. ఎదురెదురు మూలలలో దగ్గఱగా నున్నవాని నడుమ దూరము 50 గజములు. ఇప్పుడు నిజమైన వైశాల్యమెంత?

పటమును గీచి, ఆ 50 గజముల కర్ణమును గీయుడు. పొలము రెండు సమానమైన త్రిభుజములుగ విభజింపబడినది. ఒక్కొక్క త్రిభుజమునకు భుజములు 65, 65, 50. రెండు భుజములు సమానము కనుక, శిఖరమునుండి భూమికి గీచిన లంబము భూమిని సరిగ రెండుగ, 25 చొప్పున, ఖండించును. లంబముయొక్క వర్గము 65 × 65 − 25 × 25 = 4225 − 625 = 3600. కావున లంబము 60 గజములు. ఒక త్రిభుజము వైశాల్యము 50 × 60లో సగము, అనగా 1500. రెండింటికి 3000 చదరపు గజములు. ఇది సుమారు 62 సెంట్లు.

87 ఎక్కడ, 62 ఎక్కడ! లేని 25 సెంట్ల భూమికి, అనగా పావు ఎకరమునకు, సొమ్ము చెల్లిపోయినది. నాలుగు కఱ్ఱలను కొనలయందు మేకులతో బిగించి చేసిన చట్టమును పక్కకు నెట్టి చూడుడు. కఱ్ఱల పొడవు మాఱకయే లోపలి చోటు తగ్గిపోవుట కన్నులకు కట్టినట్లుండును. నాలుగు ప్రక్కల కొలతలే చతుర్భుజమును నిర్ణయింపజాలవు. త్రిభుజమునకు మాత్రము మూడు ప్రక్కలు చాలును. అందుచేతనే భాస్కరాచార్యుడు కర్ణమునుగాని లంబమునుగాని తెలుపక చతుర్భుజము వైశాల్యము అడుగువానిని లీలావతియందు తీవ్రముగ ఆక్షేపించెను. పొలము కొలువబోవువారు కర్ణమును కొలువక గట్టు దిగరాదు.

సంభావ్యత యననేమి?

జరుగునో జరుగదో నిశ్చయముగ చెప్పలేని సంగతికి కొలత యేర్పఱచునది సంభావ్యత. ఒక పనికి గల ఫలములన్నియు సమానముగ సంభవింపదగినవైన, మనము కోరిన ఫలముల సంఖ్యను మొత్తము ఫలముల సంఖ్యచే భాగించినచో వచ్చునది దాని సంభావ్యత. ఎన్నటికిని జరుగనిదానికి 0. తప్పక జరుగుదానికి 1. మిగిలినవన్నియు ఈ రెంటి నడుమ నుండును. ఈ నిర్వచనమున ప్రాణమువంటి మాట "సమానముగ" అనునది. దానిని మఱచినవారు గొప్ప పండితులైనను తప్పిరి.

ఒక నాణెమును రెండు మాఱులు ఎగురవేసిన, కనీసము ఒకమాఱైనను బొమ్మ పడు సంభావ్యత యెంత? ఫ్రాన్సు దేశపు మహాగణితవేత్త దాలంబెర్ 1754లో ప్రచురింపబడిన ఫ్రెంచి విజ్ఞానసర్వస్వ సంపుటమునందు ఈ ప్రశ్నను చర్చించి యిట్లు వాదించెను: మొదటనే బొమ్మ పడిన ఆట ముగిసినది, లేదా మొదట బొరుసు, పిదప బొమ్మ, లేదా రెండును బొరుసులు. ఫలములు మూడు, అందు రెండు అనుకూలములు, కావున 2/3.

పట్టికను వ్రాసి చూడుడు.

మొదట బొమ్మ, పిదప బొమ్మ
మొదట బొమ్మ, పిదప బొరుసు
మొదట బొరుసు, పిదప బొమ్మ
మొదట బొరుసు, పిదప బొరుసు

ఫలములు నాలుగు. ఇవి నాలుగును సమానముగ సంభవించును. అందు మూడింట బొమ్మ కలదు. కావున సరియైన ఫలము 3/4. దాలంబెర్ మొదటి రెండు వరుసలను ఒక్కటిగ కలిపివేసి, దానిని మిగిలిన వానితో సమానముగ నెంచెను. రెండు బస్తాలను ఒక బస్తాగ లెక్కించిన వ్యాపారికి కొట్టులోని సరకు సరిపోవునా?

ఈ నాలుగు వరుసల పట్టికయే అంతకు నూఱేండ్లకు ముందు ఒక తగవును తీర్చినది. 1654లో పాస్కల్, ఫెర్మా అను ఫ్రెంచి గణితవేత్తలు ఉత్తరములద్వారా చర్చించిన సమస్య యిది. సమానమైన నేర్పుగల ఇద్దఱు చెఱి 32 నాణెములు పెట్టి ఆడుచున్నారు. ముందుగ మూడు ఆటలు గెలిచినవానికి 64 నాణెములు. మొదటివాడు రెండు, రెండవవాడు ఒకటి గెలిచియుండగా ఆట ఆగిపోయెను. సొమ్ము నెట్లు పంచవలెను? ఇంక రెండు ఆటలు ఆడిన తప్పక తేలును. ఆ రెండింటికి నాలుగు ఫలములు. రెండును రెండవవాడే గెలిచిన ఒక్క వరుసయందు మాత్రమే అతనికి సొమ్ము చెందును. తక్కిన మూడింట మొదటివానికే. కావున మొదటివానికి 64లో మూడు పాళ్లు, అనగా 48; రెండవవానికి 16. ఈ ఉత్తరములనుండియే సంభావ్యతాశాస్త్రము క్రమమైన రూపమును పొందినదని చెప్పుదురు.

గుండాట బల్ల

ఇక మన ప్రాంతపు సంగతి. సంక్రాంతి సమయమున గోదావరి మండలములందు కోడిపందెముల చెంత గుండాటబల్లలు వెలయును. చట్టము జూదమును నిషేధించినను ఇవి కనబడుచునే యున్నవి. సెలవులకు ఇంటికిపోయిన బాలురలో పుస్తకములకొఱకు ఇచ్చిన సొమ్మును వీనిపై పోగొట్టుకొని వచ్చువారు కలరు. వారిని దండించుట సులభము. ఎందుకు పోయినదో లెక్కవేసి చూపుట అంతకంటె మేలు.

బల్లపై ఆఱు గుర్తులుండును. పాచికల ఆఱు ముఖములపైనను అవే గుర్తులు. పాచికల సంఖ్యయు, చెల్లింపు నియమమును ఊరూర మాఱును. మనము మూడు పాచికలు గల బల్లను గైకొందము. ఆడువాడు ఒక గుర్తుపై ఒక రూపాయి ఉంచును. ఆ గుర్తు ఒక పాచికపై పడిన తన రూపాయితోపాటు ఒక రూపాయి, రెండింటిపై పడిన రెండు, మూడింటిపై పడిన మూడు రూపాయలు లాభము. ఎచ్చటను పడకున్న తన రూపాయి పోవును.

బాలుని తర్కమేమనగా: ఒక పాచికపై నా గుర్తు పడుటకు 1/6, పాచికలు మూడు, కావున 3/6, అనగా సగము. సగము మాఱులు గెలుతును, పైగా అప్పుడప్పుడు రెట్టింపు వచ్చును; కావున నాకే లాభము. ఈ తర్కము నిజమైనచో ఆఱు పాచికలున్న బల్లపై 6/6, అనగా తప్పక గెలువవలెను. ఆఱు పాచికలు వేసినను ఒక గుర్తు రాకపోవుట సాధ్యమే కనుక ఈ తర్కము తప్పు.

పట్టిక వేయుదము. ఒక్కొక్క పాచికకు ఆఱు ఫలములు; మూడింటికి 6 × 6 × 6 = 216. అందు మన గుర్తు ఎచ్చటను పడనివి 5 × 5 × 5 = 125. ఒక్క పాచికపై మాత్రమే పడునవి 3 × 5 × 5 = 75. రెండింటిపై పడునవి 3 × 5 = 15. మూడింటిపై పడునది 1. సరిచూడుడు: 125 + 75 + 15 + 1 = 216. కావున గెలుచు సంభావ్యత 91/216. ఇది సగమునకు తక్కువ.

లాభనష్టములు చూడుడు. ఈ 216 ఫలములును ఒక్కొక్క మాఱు వచ్చినచో నష్టము 125 రూపాయలు. లాభము 75 + 30 + 3 = 108 రూపాయలు. తేడా 17 రూపాయలు బల్లవానికి చేరును. అనగా ఆడిన ప్రతి నూఱు రూపాయలకును సుమారు 7 రూపాయల 87 పైసలు అతని పాలు.

బల్లవాని వైపునుండి చూచిన ఇది మఱింత స్పష్టము. ఆఱుగురు బాలురు ఆఱు గుర్తులపై తలకొక రూపాయి పెట్టిరనుకొనుడు. మూడు పాచికలపై మూడు వేఱు గుర్తులు పడిన అతడు ముగ్గురినుండి మూడు రూపాయలు తీసికొని ముగ్గురికి మూడు ఇచ్చును. తనకు నష్టము లేదు. రెండు పాచికలపై ఒకే గుర్తు పడిన నలుగురినుండి నాలుగు తీసికొని మూడు ఇచ్చును. ఒక రూపాయి మిగులును. మూడింటిపై ఒకే గుర్తు పడిన అయిదు తీసికొని మూడు ఇచ్చును, రెండు మిగులును. అతడు ఓడు వరుస పట్టికలో నొక్కటియు లేదు! గెలిచిన బాలునికి సొమ్మిచ్చునది బల్లవాడు కాదు, ప్రక్కన ఓడిన బాలుడు. పాచికలు నిజాయితీగలవైనప్పటి లెక్క యిది. కూటపాచికల మాట చెప్పనక్కఱలేదు.

"అయిదుమాఱులు ఓడితిని, ఆఱవమాఱు తప్పక వచ్చును" అనునది మఱియొక భ్రమ. పాచికకు జ్ఞాపకము లేదు. ఆఱవమాఱును గెలుచు సంభావ్యత ఆ 91/216 మాత్రమే. జాకబ్ బెర్నూలీ మరణానంతరము 1713లో వెలువడిన గ్రంథమున నిరూపింపబడినట్లు, ఆటల సంఖ్య పెరిగినకొలది గెలుపుల నిష్పత్తి నిజమైన సంభావ్యతకు దగ్గఱగ నుండుట అంతకంతకు నిశ్చయమగును. కావున ఎక్కువకాలము ఆడుట పోయినదానిని రాబట్టు మార్గము కాదు. పోవుటను నిశ్చయము చేసికొను మార్గము.

పటమును పట్టికయు కలియు చోటు

ఫలములను వరుసగ వ్రాయుటకు వీలులేని సమస్యలు కలవు. 28 సెంటీమీటర్ల ప్రక్కగల చతురస్రపు పలకలో, నాలుగు ప్రక్కలను తాకునట్లు వృత్తము గీచి, చినుకులు పడునపుడు ఆరుబయట నుంచితిమి. పలకపై పడిన ఒక చినుకు వృత్తములో పడు సంభావ్యత యెంత? చినుకు పడదగిన బిందువులు లెక్కకు మిక్కిలి. ఇచ్చట పట్టికకు బదులు పటమే మొత్తమును చూపును. చినుకు ఎచ్చటనైనను సమానముగ పడగలదు గనుక వైశాల్యములను పోల్చిన చాలును. చతురస్రము 28 × 28 = 784. వృత్తమునకు వ్యాసార్ధము 14; వైశాల్యము 22/7 × 14 × 14 = 616. సంభావ్యత 616/784, అనగా సుమారు 11/14. ("సుమారు" అనుటకు కారణము 22/7 అనునదియే సుమారు విలువయగుట.) నూటనలుబది చినుకులు లెక్కించిన సుమారు నూటపది వృత్తములో కనబడవలెను. తొలకరినాడు పరీక్షించి చూడుడు. గుఱిచూచి విసరిన రాయికి మాత్రము ఈ లెక్క వర్తింపదు. ఏలయనగా అచ్చట "సమానముగ" అను నియమము తప్పినది.

తలిదండ్రులకు ఒక మాట

మీ బిడ్డ లెక్కచేయుచు చాలసేపు బొమ్మలు గీయుచున్నాడని, వరుసలు వ్రాయుచున్నాడని, కాగితము వృథాచేయుచున్నాడని కోపగింపకుడు. అతడు అచ్చటనే ఆలోచించుచున్నాడు. ఎంత త్వరగా ముగించితివని అడుగుటకు మాఱుగ, ఎట్లు సరిచూచితివని అడుగుడు. అతడు రేపు పొలము కొనును, పంపకములలో కూర్చుండును, లాభము చూపు మాటకారుల నెదుర్కొనును. అప్పుడు సూత్రము మఱచిపోయినను, భాగమును చూపినపుడు సమస్తమును చూపుమని అడుగు అలవాటు అతనిని కాపాడును.

అభ్యాసములు

1. 25 అడుగుల నిచ్చెన మొదలు గోడకు 7 అడుగుల దూరమున నున్నది. మొదలును మఱి 8 అడుగులు వెనుకకు లాగిన, పైకొన ఎన్ని అడుగులు దిగును?
2. నాలుగు ప్రక్కలును 50 గజములు, ఒక కర్ణము 60 గజములు గల పొలము వైశాల్యమెంత?
3. రెండు పాచికలు వేసిన మొత్తము 7 వచ్చు సంభావ్యత యెంత? 12 వచ్చు సంభావ్యత యెంత?
4. మూడు పాచికలు వేసిన 9 వచ్చుటకును 10 వచ్చుటకును సంఖ్యల కూర్పులు ఆఱేసి కలవు. అయినను 10 ఎక్కువగ వచ్చును. గెలీలియో ఈ ప్రశ్నకు సమాధానము వ్రాసెను. మీరును కారణము చెప్పుడు.
5. సంచిలో మూడు ఎఱ్ఱపూసలు, రెండు తెల్లపూసలు ఉన్నవి. చూడక రెండు తీసిన, రెండును ఎఱ్ఱనివగు సంభావ్యత యెంత?
6. 20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పుగల ప్రాంగణమున అంచువెంబడి లోపల నాలుగు ప్రక్కలను ఒక మీటరు బాట కలదు. ప్రాంగణమున పడిన చినుకు బాటపై పడు సంభావ్యత యెంత?

ఫలములు: (1) 4 అడుగులు. (2) 2400 చదరపు గజములు. (3) 1/6, 1/36. (4) కూర్పులను పాచికల వరుసతో వ్రాసిన 9కి 25, 10కి 27 ఫలములు. (5) 3/10. (6) 11/50.

ఫలములను ముందుగ చూడక, పటముతోను పట్టికతోను సాధించి, పిదప సరిచూచుకొందురుగాక.